చేతిలో వెనక నుంచి కూరే ఫిరంగి ఉండగా బ్రిటన్ మళ్ళీ మూతి వైపుకు ఎందుకు వెళ్ళింది?

తీరవాసి (విశాఖపట్నం)
పెద్దలకు నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోవడమే గానీ నేనుగా చర్చ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. తప్పులుంటే దిద్దండి.

పోయిన ఏడాది మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు పోర్ట్స్‌మత్ రేవులో వారియర్ నౌకను చూశాను. 1860 డిసెంబరు 29న నీటిలోకి దించిన ఓడ అది. ఆనాటి చలికి కట్టిన చోటే మంచు పట్టి బిగుసుకుపోయిందట. లాగుడు పడవలు కట్టి గుంజితే గానీ కదలలేదట. పొడవు 420 అడుగులు. మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు అంత ఉండదు.

ఫిరంగుల అంతస్తులో నడుస్తుంటే ఒక సందేహం పట్టుకుంది. అక్కడ రెండు రకాల పెద్ద ఫిరంగులు ఉన్నాయి (ఇప్పుడున్నవి చాలావరకు నమూనాలే). మొదటిది 68 పౌన్ల గుండు వేసేది. నున్నటి గొట్టం, మందూ గుండూ మూతిలోంచే కూరాలి. ఓడ మొత్తం మీద అవి 26. రెండోది ఆర్మ్‌స్ట్రాంగ్ తయారుచేసిన 110 పౌన్ల ఫిరంగి. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు, మందు కూరేది వెనక నుంచి. అవి 10.

1861 నాటికే వెనక మూత ఫిరంగి చేతికొచ్చింది కదా! మరి 1876లో నీటిలోకి దించిన ఇన్‌ఫ్లెక్సిబుల్‌కు 81 టన్నుల ఫిరంగులు నాలుగు పెట్టి, వాటిని మళ్ళీ మూతిలోంచే ఎందుకు కూరారు? ముందుకు నడిచినవాళ్ళు పదిహేనేళ్ళు వెనక్కి నడిచినట్టు లేదా?

పుస్తకాల పురుగు
మంచి ప్రశ్న. నాదొక చిన్న సందేహం. మొట్టమొదటి ఇనుప కవచపు ఓడ అమెరికా వారి మానిటర్ కాదా? మా పిల్లల పుస్తకంలో అలాగే ఉంది.

అణియం (కాకినాడ)
కాదండీ. మానిటర్ 1862 నాటిది. దానికి మూడేళ్ళ ముందే, 1859 నవంబరులో ఫ్రాన్సు తూలాన్ రేవులో గ్లువార్‌ను దించింది. ద్యుపుయ్ ద లోమ్ అనే నౌకాశిల్పి చెక్క ఓడకు 120 మిల్లీమీటర్ల ఇనుప పలకలు తొడిగాడు. దానికి జవాబే తీరవాసిగారు చూసిన వారియర్. అది చెక్కకు ఇనుము తొడిగినది కాదు, ఓడ ఒళ్ళంతా ఇనుమే. అంతకుముందు 1855 అక్టోబరు 17న నల్లసముద్రంలో కిన్‌బర్న్ కోట మీద లావ్, దెవాస్తాసియోఁ, తోనాంత్ అనే మూడు ఫ్రెంచి కవచపు తేలే బురుజులు దాడి చేశాయి. రష్యన్ గుండ్లు వాటి పలకలకు తగిలి సొట్టలు పెట్టి పడిపోయాయి.

ఈ కవచాల గోల మొదలైంది పేలే గుండ్ల వల్ల. 1853 నవంబరు 30న సినోప్ రేవులో నఖీమొవ్ నడిపిన రష్యన్ నౌకలు పేక్సాన్స్ తరహా ఫిరంగులతో పేలే గుండ్లు వేసి టర్కీ చెక్క ఓడలను తగలబెట్టేశాయి. చెక్కలో గట్టి గుండు దిగితే బెజ్జం పడుతుంది, వడ్రంగి మేకు బిగించి పూడ్చేస్తాడు. పేలే గుండు దిగితే పూడ్చడానికి ఓడ మిగలదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, ఆర్మ్‌స్ట్రాంగ్ వెనక మూత నమ్మదగినది కాదు. 1863 ఆగస్టులో జపాన్‌లోని కగోషిమా మీద బ్రిటిష్ నౌకలు కాల్పులు జరిపాయి. 21 ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు 365 సార్లు పేలిస్తే 28 సార్లు ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. యుద్ధం మధ్యలో పదమూడు సార్లకోసారి మొరాయించే ఫిరంగిని ఏ నావికుడు కోరుకుంటాడు?

కొలిమి (విశ్రాంత ఉక్కు ఉద్యోగి)
అణియంగారు లెక్క చెప్పారు. లోపం ఎక్కడుందో నేను చెబుతాను.

ఆర్మ్‌స్ట్రాంగ్ గొట్టం బాగా తయారైనదే. కాలిన ఇనుప పట్టీలను చుట్టలుగా చుట్టి, ఒకదాని మీద ఒకటి వేడిగా ఎక్కించి, చల్లారేటప్పుడు బిగిసేలా చేసేవాడు. బండి చక్రానికి పట్టా ఎక్కించినట్టే. వెనక మూతే తంటా తెచ్చింది. పైన ఉన్న గాడిలోంచి ఒక ఉక్కు దిమ్మను చేతులతో ఎత్తి లోపలికి దించాలి. పెద్ద ఫిరంగిది ఇద్దరు మనుషులు పట్టి ఎత్తే బరువు. ఆ తరవాత వెనక నుంచి ఒక బోలు మరను గట్టిగా తిప్పి ఆ దిమ్మను గొట్టానికి అదమాలి. ఆ బిగింపు మనిషి చేతి మీద ఆధారపడింది. చాలినంత బిగించకపోతే పేలినప్పుడు దిమ్మ పైకి ఎగిరిపోతుంది. పొగలో, అరుపుల్లో, ఓడ ఊగుతుండగా బిగించే కళాసీని తలచుకోండి.

పైగా ఆ మూత పెద్ద మోతాదు మందును తట్టుకోలేదు. అందుకే కవచాన్ని కొట్టడంలో పాత 68 పౌన్ల నున్నటి గొట్టమే దగ్గరి దూరంలో మెరుగనిపించింది. ఖర్చు కూడా తక్కువ. 1865 ప్రాంతంలో బ్రిటన్ సర్కారు వారి ఉలిచ్ ఆయుధశాల మూతిలోంచి కూరే గాడుల ఫిరంగికి తిరిగి వెళ్ళింది. ఆరోజుకు అది తెలివైన నిర్ణయమే. తీరవాసిగారు అన్నట్టు వెనక్కి నడవడం కాదు, కుంటి గుర్రం దిగి నడవడం.

పుస్తకాల పురుగు
మరి ఫ్రెంచివాళ్ళ సంగతి?

కొలిమి
వాళ్ళు వెనక మూతను వదలలేదు. వాళ్ళ మర వేరు. మర చుట్లను నిలువుగా కొన్ని చోట్ల చెక్కేసి నున్నగా వదిలారు. మూతను నేరుగా లోపలికి తోసి కొద్దిగా తిప్పితే చాలు, మొత్తం బిగుస్తుంది. వాయువు లీకు కాకుండా 1872లో ద బాంజ్ అనే అధికారి మూతకు ముందు ఒక దిండు పెట్టాడు. రాతినారను కొవ్వుతో కలిపి చేసిన మెత్త. పేలినప్పుడు ఆ ఒత్తిడికే అది నలిగి పక్కలకు ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది. ఎంత గట్టిగా పేలితే అంత గట్టిగా మూత. నా ఉద్యోగంలో ఎన్నో గొట్టాల లీకులతో తంటాలు పడ్డాను, ఇంత అందమైన ఉపాయం మాత్రం చూడలేదు.

అణియం
బ్రిటన్ మనసు మార్చింది మాత్రం థండరర్ అనే వాళ్ళ యుద్ధనౌకలో జరిగిన ప్రమాదం.

1879 జనవరి 2న మర్మరా సముద్రంలో ఫిరంగుల సాధన జరుగుతోంది. ముందు బురుజులో (ఫిరంగులుండే తిరిగే ఇనుప గదిలో) 38 టన్నుల ఫిరంగులు రెండు, రెండింటినీ ఒకేసారి పేల్చారు. ఒకటి పేలింది, రెండోదానిలో మందు అంటుకోలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. బురుజులో ఉన్నవాళ్ళు చెవులు మూసుకుని ఉంటారు, పొగ నిండిపోతుంది, జంట ఫిరంగి మోతకే ఓడ అదిరిపోతుంది. ఇక ఈ ఫిరంగులను కూరేది చేతులతో కాదు. మూతిని కిందికి వంచితే బురుజు బయట, ఓడ పై అంతస్తు కింద ఉన్న నీటి ఒత్తిడి యంత్రం మందునూ గుండునూ లోపలికి తోస్తుంది. మనిషి పొడుగు కర్ర పట్టి కూరితే ఇంకా లోపల ఏదో అడ్డుందని చేతికి తెలిసేది. యంత్రానికి తెలియదు. పాత మందు, పాత గుండు మీదే కొత్త మందు, కొత్త గుండు ఎక్కాయి. మళ్ళీ పేల్చారు. గొట్టం ముందు భాగం ఎగిరిపోయింది. 11 మంది చనిపోయారు.

రెండుసార్లు కూరితేనే ఇలా అవుతుందా అని అనుమానం తీర్చుకోవడానికి దాని జోడు ఫిరంగిని ఉలిచ్‌కు తెచ్చి, కావాలని రెండుసార్లు కూరి పేల్చారు. అది కూడా అలాగే పగిలింది.

వెనక నుంచి కూరేదైతే మూత తీసిన క్షణాన లోపల ఉన్నది కంటికి కనిపిస్తుంది. అదే అసలు కారణం.

చిచ్చుబుడ్డి (రసాయన శాస్త్రం చెప్పేవాణ్ణి)
అణియంగారూ, కథ బాగా చెప్పారు గానీ ముగింపుతో ఏకీభవించలేను. థండరర్ అందరి నోళ్ళలో నానింది, అంతవరకు నిజం. అది జరగకపోయినా బ్రిటన్ ఆ పదేళ్ళలోనే వెనక మూతకు వచ్చి తీరేది. కారణం ఫిరంగి మూతిలోనూ లేదు, వెనకా లేదు. మందులో ఉంది.

సీమటపాకాయనూ చిచ్చుబుడ్డినీ తలచుకోండి. రెండింటిలోనూ ఉండేది ఇంచుమించు అదే సరుకు. ఒకటి ఢామ్మంటుంది, ఇంకోటి నిమిషం పాటు పూలు చిమ్ముతుంది. పాత తుపాకి మందు సన్నటి రవ్వ. అంటుకోగానే గుండు కదిలే లోపే అంతా కాలిపోయి గొట్టం మొదట్లో విపరీతమైన ఒత్తిడి పుట్టించేది. ఆ తరవాత గుండును తోసేది ఏమీ మిగలదు. అందుకే ఆ ఫిరంగులు వెనక లావు, ముందు పొట్టి. సీసాలకు మల్లే ఉంటాయి. పొడుగ్గా చేసినా లాభం లేదు, మందు ముందే అయిపోతుంది కాబట్టి.

మానిటర్‌నే తీసుకోండి. 1862 మార్చి 9న హాంప్టన్ రోడ్స్‌లో వర్జీనియా అనే దక్షిణాది వారి కవచపు ఓడతో గంటల తరబడి కొట్లాడింది. 11 అంగుళాల డాల్‌గ్రెన్ ఫిరంగులు రెండు. అయినా వర్జీనియా కవచం పగుళ్ళిచ్చింది గానీ చిల్లు పడలేదు. కారణం? గుండుకు 15 పౌన్ల మందుకు మించి వాడకూడదని పైవారి ఆజ్ఞ. 1844లో ప్రిన్స్‌టన్ ఓడ మీద పీస్‌మేకర్ ఫిరంగి పగిలి మంత్రులే చనిపోయారు. ఆ భయం ఇంకా పోలేదు. తరవాత పరీక్షలు చేసి 30 పౌన్లకు అనుమతించారు. ఇనుము కన్నా ముందు మందే చేతులు కట్టేసింది.

ఆ కట్లు విప్పడం మొదలుపెట్టింది రాడ్‌మన్ అనే అమెరికా సైనికాధికారి. మందును రవ్వగా కాక పెద్ద బిళ్ళలుగా అదిమి, మధ్యలో రంధ్రాలు పెట్టాడు. బిళ్ళ బయటి నుంచి కాలుతూ చిన్నదవుతుంటే, రంధ్రం లోపలి నుంచి కాలుతూ పెద్దదవుతుంది. మంట పట్టే తలం తగ్గదు. తరవాత ఆరు పలకల దిమ్మలు వచ్చాయి. 1880ల్లో జర్మనీవారి గోధుమరంగు మందు వచ్చింది. అందులో పూర్తిగా మాడని గడ్డి బొగ్గు వేసి, గంధకం తగ్గించారు. ఇంకా నింపాదిగా కాలేది.

నింపాదిగా కాలే మందుకు పొడుగు గొట్టం కావాలి. మూతి దాకా గుండును తోస్తూనే ఉంటుంది. అదే బరువు గుండు ఎంతో ఎక్కువ వేగంతో బయటికొస్తుంది. గొట్టం పొడవు గుండు వెడల్పుకు పదహారు, పద్దెనిమిది రెట్లుండేది కాస్తా ఇరవై అయిదు, ముప్ఫయి రెట్లకు పెరిగింది. ఇప్పుడు చెప్పండి, ముప్ఫయి అడుగుల పైచిలుకు పొడవున్న ఫిరంగిని మూతిలోంచి కూరడం ఎలా?

పుస్తకాల పురుగు
లోపలికి లాక్కుని కూరవచ్చు కదా? పాత ఓడల్లో అలాగే చేసేవారని చదివాను.

చిచ్చుబుడ్డి
పాత ఓడలో ఫిరంగి వెనక్కి దూకి గోడ లోపలికి వచ్చేది, కూరి మళ్ళీ తోసేవారు. తిరిగే బురుజు గుండ్రటి ఇనుప డబ్బా. దాని లోపలి వెడల్పు ఎంత ఉంటుంది? మానిటర్‌ది ఇరవై అడుగులు. ముప్ఫయి అడుగుల ఫిరంగిని వెనక్కి లాగితే అవతలి గోడలోంచి బయటికి రావాలి. బురుజును అంత పెద్దది చేస్తే దాని కవచం బరువుకు ఓడ మునుగుతుంది. అందుకే థండరర్‌లోనూ ఇన్‌ఫ్లెక్సిబుల్‌లోనూ మూతిని బయటికి వంచి యంత్రంతో కూరే తిప్పలు. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

వెనక మూత రాగానే అంతా సుఖమైందనీ అనుకోకండి. 1882లో దించిన కాలింగ్‌వుడ్‌కు 12 అంగుళాల కొత్తవి పెడితే, 1886లో పరీక్షలోనే ఒకదాని ముందు భాగం ఊడిపోయింది. పొడుగు గొట్టంలో ముందు వైపు కూడా ఒత్తిడి ఉంటుందని, అక్కడా బలం కావాలని దెబ్బ తగిలాకే తెలిసింది.

అణియం
సరే, సగం ఒప్పుకుంటున్నాను. మందు గొట్టాన్ని పొడిగించింది, గొట్టం వెనక మూతను అడిగింది. కానీ కార్యాలయాల్లో కూర్చున్న పెద్దలను కదిలించడానికి పదకొండు శవాలు కావలసి వచ్చాయి. ఆ సగం నాది.

చిచ్చుబుడ్డి
1879 ఆగస్టులో జర్మనీ ఫిరంగుల తయారీదారు క్రుప్ తన వెనక మూత ఫిరంగులను మెప్పెన్ మైదానంలో దేశదేశాల అధికారులను పిలిచి చూపించాడు. మీ సగంలోంచి దానికి కాస్త ఇవ్వండి.

తీరవాసి
ఇంత వస్తుందని అనుకోలేదు. కొలిమిగారూ, కవచం సంగతి కూడా చెప్పండి. ఇన్‌ఫ్లెక్సిబుల్ కవచం 24 అంగుళాల మందమని చదివాను. తరవాతి ఓడలకు అంతకంటే పలచన. ఫిరంగి బలం పెరుగుతుంటే కవచం పలచబడడం ఏమిటి?

కొలిమి
ఇది నా సొంత పొలం, కాస్త ఓపిక పట్టండి.

ఇన్‌ఫ్లెక్సిబుల్‌కు 12 అంగుళాల పలకలు రెండు, ఒకదాని వెనక ఒకటి. అదీ ఓడ నడిమి భాగానికే. అణియం (ముందు కొస) వైపు, అమరం (వెనక కొస) వైపు నీటిమట్టం దగ్గర నిలువు కవచమే లేదు. ఓడంతా తొడిగితే తేలదు. 1895లో నీటిలోకి దించిన మజెస్టిక్ పక్క కవచం 9 అంగుళాలే. అయినా బలమైనది మజెస్టిక్.

ఇనుము మెత్తన. గుండు దిగుతుంది గానీ పలక పగలదు. ఉక్కు గట్టిది. గుండును ఆపుతుంది గానీ తానే బద్దలవుతుంది. 1876లో ఇటలీలోని స్పెజియాలో ఫ్రెంచి ఉక్కు సంస్థ ష్నైడర్ వారి 22 అంగుళాల ఉక్కు పలక మీద 100 టన్నుల ఫిరంగి పేల్చి చూశారు. గుండు అవతలికి పోలేదు, పలక మాత్రం ముక్కలైంది. ఇంగ్లండువారు ఇనుము వెన్ను మీద ఉక్కు ముఖం అతికించారు. అతుకు ఊడిపోయేది.

మా తాత కమ్మరి. నాగటి కర్రుకు మొన వరకే పదును పెట్టేవాడు. మొన ఎర్రబడ్డాక అంతవరకే నీళ్ళలో ముంచేవాడు. మొత్తం ముంచితే రాయి తగిలిన రోజున కర్రు విరుగుతుందని చెప్పేవాడు. 1890 ప్రాంతంలో అమెరికాలో హార్వే చేసింది పెద్ద ఎత్తున అదే. పలక ముఖం మీద బొగ్గు పరచి రోజుల తరబడి కాల్చి, ఆ ముఖంలోకి కర్బనం ఎక్కించి, చల్లటి నీళ్ళు చల్లాడు. ముఖం గాజులా గట్టి, వెన్ను ఇనుములా సాగేది, మధ్యలో అతుకు లేదు. అంతకుముందే ఉక్కులో నికెల్ కలపడం వచ్చింది. తరవాత క్రుప్ క్రోమియం కూడా కలిపి, ఆ గట్టిదనాన్ని ఇంకా లోతుకు దింపాడు.

లెక్క కావాలా? 15 అంగుళాల ఇనుము చేసే పనిని 12 అంగుళాల మామూలు ఉక్కు చేస్తుంది. హార్వే పలకైతే ఏడున్నర అంగుళాలు, క్రుప్ పలకైతే ఆరు అంగుళాలకు కొంచెం తక్కువే చాలు. మిగిలిన బరువుతో ఓడకు బొగ్గు, వేగం, మరికొంత కవచం.

కోరంగి రేవు
ఇనుము గురించే అంతా మాట్లాడుతున్నారు, చెక్క మాటేమిటి? వారియర్ నాలుగున్నర అంగుళాల ఇనుము వెనక 18 అంగుళాల టేకు ఉంది. మా వైపు తాళ్ళరేవులో ఇప్పటికీ చెక్క ఓడలు కడతారు. ఏ కర్ర ఇనుప మేకును తింటుందో, ఏది తినదో వాళ్ళు చేత్తో పట్టుకుని చెబుతారు. ఓక్ కర్రలో ఉండే ఆమ్లం ఇనుమును తినేస్తుంది. టేకులో నూనె ఉంటుంది, ఇనుము పక్కన చాలాకాలం నిలుస్తుంది. గుండు తగిలిన అదురును కూడా ఆ చెక్కే మింగాలి, లేకపోతే బిగించిన మేకుల తలలు ఊడి లోపలి మనుషులకు తూటాల్లా తగులుతాయి.

పుస్తకాల పురుగు
ఇంకొకటి. ఓడ ముక్కుతో పొడిచి ముంచడం కూడా అప్పట్లో ఉండేదట?

అణియం
1866 జులై 20న లిస్సా దగ్గర ఆస్ట్రియా సేనాని టెగెట్‌హాఫ్ తన నౌక ముక్కుతో ఇటలీ వారి రే దిటాలియాను పొడిచి ముంచాడు. ఆ ఒక్క దెబ్బ చూసి ప్రపంచమంతా ముప్ఫయ్యేళ్ళ పాటు అణియం కింద ఇనుప ముక్కులు పెట్టుకుంది. ఆ ముక్కులు ముంచినవి ఎక్కువగా సొంతవాళ్ళనే. 1875లో పొగమంచులో బ్రిటిష్ ఓడ ఐరన్ డ్యూక్ తోటి ఓడ వాన్‌గార్డ్‌ను, 1893లో విన్యాసాల్లో కాంపర్‌డౌన్ విక్టోరియాను. ఆ రెండోదానిలో సేనాని ట్రయన్‌తో సహా 358 మంది పోయారు.

నిర్వాహకుడు
ముక్కుల మీద వేరే చర్చ తెరవవచ్చు. ఇక్కడ ఫిరంగులు, కవచాలకే ఉందాం.

యర్రా ఒడ్డు (మెల్‌బోర్న్)
ఆలస్యంగా చేరాను, క్షమించండి. మీరు చెబుతున్న మూతి ఫిరంగుల కాలపు ఓడ మా ఇంటికి అరగంట దూరంలో ఉంది. పేరు సెర్బెరస్. బ్లాక్ రాక్ అనే చోట ఒడ్డుకు దగ్గరగా 1926లో అలల అడ్డుకట్ట కోసం ముంచి వదిలేశారు. వారియర్‌కు అందినంత ఆదరం దీనికి అందలేదు.

ఎడ్వర్డ్ రీడ్ గీసిన ఓడ ఇది. తెరచాపలు లేవు, ముందొక బురుజు, వెనకొక బురుజు, ఒక్కోదానిలో 18 టన్నుల 10 అంగుళాల ఫిరంగులు రెండేసి. కోరితే నీళ్ళు నింపుకుని ఒంటిని ఇంకాస్త కిందికి దించుకునేది, శత్రువుకు కనిపించేది తగ్గాలని. మనవాళ్ళకు ఇంకో మాట. దీని సోదర నౌక మాగ్డలా, ఆ కోవదే అబిసీనియా, బొంబాయి రేవు కాపలాకు వెళ్ళాయి. ఆ పేర్లు 1868 నాటి అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) దండయాత్రవి.

ఇంగ్లండు నుంచి రావడానికి మాత్రం సెర్బెరస్‌కు తాత్కాలికంగా పక్కలు ఎత్తు పెంచి తెరచాపలు కట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1870 సెప్టెంబరులో, తెరచాపలూ బురుజులూ రెండూ పెట్టుకుని నీటికి మరీ దగ్గరగా ఉన్న కెప్టెన్ అనే ఓడ గాలివానకు బోల్తాపడింది. దాదాపు 480 మంది పోయారు, దాన్ని గీసిన కౌపర్ కోల్స్‌తో సహా. అది ప్రమాదమని ముందే గొడవపెట్టినవాడు ఈ రీడే. ఆ వార్త విన్నాక ఆ ఏడాది చివర్లో సెర్బెరస్ ఎక్కి బయలుదేరిన కళాసీలు రాత్రుళ్ళు ఎలా నిద్రపోయి ఉంటారో. 1871 ఏప్రిల్‌లో క్షేమంగా చేరింది.

తీరవాసి
ఆ ఫిరంగుల మూతులు ఒడ్డు నుంచి కనిపిస్తాయా? బురుజు లోపల ఎలా కూరేవారో చెప్పగలరా?

యర్రా ఒడ్డు
ఆదివారం మా అబ్బాయిని తీసుకుని వెళ్ళి చూసి వచ్చాను. ఓడ ఎక్కనివ్వరు, ఒడ్డు నుంచే బైనాక్యులర్స్‌తో చూశాం. తుఫానుకు కిందిభాగం కుంగి ఓడ ఇసుకలోకి కూర్చుంది, ఇప్పుడు పైన మిగిలింది రెండు బురుజులు, మధ్యలో తుప్పు పట్టిన కట్టడం, వాటి మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. బరువు తగ్గించడానికి ఫిరంగులు నాలుగింటినీ బయటికి తీసి ఓడ పక్కనే సముద్రం అడుగున పడుకోబెట్టారు. బురుజు గోడకు రెండు ఖాళీ కన్నాలు మాత్రం కనిపించాయి.

కూరడం గురించి చిచ్చుబుడ్డిగారు చెప్పిందే. 10 అంగుళాల ఫిరంగి పొట్టిది, వెనక్కి లాగితే మూతి బురుజు లోపలికే వచ్చేది, అక్కడే నిలబడి చేతులతో కూరేవారు. అదే ముప్ఫయి అడుగులదైతే అని మావాడికి చెప్పబోయాను. వాడు ఆ కన్నాన్ని చూసి, బురుజును చూసి, "అయితే వెనక గోడకు ఇంకో కన్నం పెట్టాలి నాన్నా" అన్నాడు.